సమస్య: ‘ఏడు మార్లు పడియు లేచె నెనిమిది గద!’

నిర్వాహకుడు: ఈ వారపు సమస్య తేటగీతి పాదము. జపానీయుల ‘నానా కొరొబి యా ఒకి’ అన్న సామెత దీనికి మూలం. ఏడుసార్లు పడినవాడు ఎనిమిదిసార్లు ఎలా లేస్తాడన్న లెక్కలోనే చిక్కు ఉన్నది. సామెతలోని పట్టుదల చెడకుండా ఆ చిక్కు విడదీయవలసినదిగా కవిమిత్రులను కోరుతున్నాను.

తెనాలి మిత్రుని పూరణ:

నేల బాకెడి పసివాడు నిలిచె మొదట
పిదప నడకలు నేర్చుచు బెదరి పడియె
పడిన చోటనె తా లేచి పరుగు దీసె
ఏడు మార్లు పడియు లేచె నెనిమిది గద!

నిర్వాహకుడు: పడకముందే ఒకసారి నిలబడ్డాడు కనుక లెక్క చక్కగా కుదిరింది. అయితే ఈ పసివాడు ఏ ఊరివాడైనా కావచ్చు. జపాను వాసన పద్యానికి అంటలేదు.

వరంగల్లు సోదరి పూరణ:

కనులు లేనట్టి బొమ్మకుఁ గన్ను దిద్ది
తలచినది తీర రెండవ దాని నుంచి
పట్టు రైతు తకాసాకి పల్లెలోన
ఏడు మార్లు పడియు లేచె నెనిమిది గద!

నిర్వాహకుడు: అమ్మా, ఈ సామెతకు దరుమ బొమ్మను మించిన ఆలంబనం లేదు. గోడకు ఎదురుగా తొమ్మిదేళ్లు ధ్యానంలో కూర్చున్నాడని చెప్పే బోధిధర్ముని రూపమది. ఆయన మన దక్షిణదేశం నుండి వెళ్లినవాడన్న ఐతిహ్యమూ ఉన్నది. కాగితపు గుజ్జుతో చేసిన ఆ బొమ్మకు కాళ్లూ చేతులూ ఉండవు, అడుగున బరువు ఉండటం చేత ఎటు తోసినా తిరిగి లేచి కూర్చుంటుంది. మొక్కుకున్నప్పుడు ఒక కన్ను, మొక్కు తీరినప్పుడు రెండవది దిద్దుతారు. తకాసాకి ఉన్న గున్మా ప్రాంతపు పట్టు రైతులు దీనిని ఆదరించడానికి మరొక కారణం కూడా ఉన్నది: పట్టుపురుగు నాలుగు మార్లు కుబుసం విడుస్తుంది, అలా విడిచిన ప్రతిసారీ అది ‘లేచింది’ అనే అక్కడివారు అంటారు. ఇంత సామగ్రి చేతిలో ఉండగా మీరు పురుగును పద్యంలోకి రానీయకపోవడం నాకు లోటుగా తోచింది. తకాసాకి నగరం, ‘పల్లె’ కేవలం యతి కోసం వచ్చింది. పైగా ‘లోన’ తరువాత ‘ఏడు’ విసంధి, అంటే సంధి కలపవలసిన చోట విడిచిపెట్టిన దోషం. ‘పట్టు రైతు తకాసాకి వానిఁ గనుడు’ అంటే ‘పల్లె’ దోషమైనా పోతుంది.

బెంగళూరు మిత్రుని పూరణ:

పైకి లేచిన మేకును బాదు సుత్తి
యనెడి నీతియు గల చోట నతడు తలను
వంచి సుత్తికిఁ జిక్కక బయటపడియె
ఏడు మార్లు పడియు లేచె నెనిమిది గద!

నిర్వాహకుడు: ‘దెరు కుయి వా ఉతరెరు’ అన్న మరొక సామెతను దీనికి ఎదురు నిలపడం సాహసమే. పడినవాడిని లెమ్మనే సమాజమే నలుగురికంటె ఎత్తుగా లేచినవాడిని అణచివేస్తుందన్న వైరుధ్యాన్ని మీరొక్కరే పట్టుకున్నారు. కాని వంగి నమస్కరించడం అక్కడ మర్యాద, తప్పించుకునే ఉపాయం కాదు. మూడవ పాదం ఆ మర్యాదను కొంత చులకన చేసింది.

బెంగళూరు మిత్రుడు: గురువుగారూ, అణకువతో ఎదగవచ్చునన్నదే నా భావం. ‘బయటపడియె’ అన్న మాట దానిని చెడగొట్టిందని ఒప్పుకుంటాను, సవరించి పంపుతాను.

నిర్వాహకుడు: సంతోషం. వచ్చే వారానికి ఆటవెలది పాదం: ‘కోతి చెట్టు నుండి కూలి పడియె’. ఆరితేరినవాడూ పొరపడతాడని చెప్పే జపాను సామెత ఇది. రాతలో సాటిలేనివాడని పేరుపడ్డ కోబో దైషి కుంచె సైతం తప్పుతుందని వారికి ఇదే అర్థంలో ఇంకొక సామెత ఉన్నది కనుక, పూరణలో కోతిని వెక్కిరించవద్దని ముందే మనవి చేస్తున్నాను.