ఓగోనీలాండ్‌లో చమురు తవ్వకం 1993లోనే ఆగింది, నేల ఇంకా ఎందుకు తేరుకోలేదు?

మడఅడవి:
నైజీరియా నైజర్ డెల్టాలోని ఓగోనీలాండ్ నుంచి చమురు కంపెనీ షెల్ 1993లో వెళ్లిపోయింది. 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం నివేదిక ఇచ్చేనాటికి కూడా నేల, నీళ్లు పాడయ్యే ఉన్నాయి. మన పాశర్లపూడి బావి 1995లో 65 రోజులు మండింది కదా, దాంతో దీన్ని పోల్చవచ్చా? శుభ్రం చేస్తే ఎందుకు ఫలించలేదు?

పైపులైను:
పోల్చలేం. పాశర్లపూడిలో ఎగదన్నింది గ్యాస్, చాలావరకు గాల్లోనే మండిపోయింది. ఓగోనీలో ముడిచమురు నేలలోకి దిగింది. పైగా బావులు ఆగినా ట్రాన్స్ నైజర్ పైప్‌లైన్ ఓగోనీ మీదుగానే బోనీలోని చమురు ఎగుమతి టెర్మినల్‌కి వెళ్తుంది. ఓగోనీలోని బోడో ఊరి దగ్గర అది 2008లో రెండుసార్లు లీకైంది. తుప్పుతో పాటు దొంగ కన్నాలూ ఉన్నాయి. ఆ చమురును డ్రమ్ముల్లో కాచి డీజిల్ తీసుకుని, మిగిలిన మడ్డిని వాగుల్లో పారబోస్తారు. తప్పంతా ఒక్కరిదే అనేవాళ్లని నమ్మకండి.

మట్టిపరీక్ష:
అసలు తప్పు శుభ్రం చేసిన పద్ధతిలో ఉంది. చమురు పట్టిన మట్టిని అక్కడే తిరగదున్ని, ఎరువు చల్లి, బ్యాక్టీరియా తింటుందని వదిలేశారు. గాలి ఆడే పైమట్టిలో అది పనిచేస్తుంది. కానీ కొన్నిచోట్ల చమురు 5 మీటర్ల లోతుకి దిగింది, అంత కిందికి నాగలీ పోదు, గాలీ పోదు. కింద బంకమట్టి పొర అడ్డుంటుందని ధీమా పడ్డారు. తీరా చూస్తే అది ఎడతెగకుండా లేదు. 2011 నివేదిక నాటికి నిసిసియోకెన్ ఒగాలే అనే ఊళ్లో భూగర్భజలం మీద 8 సెం.మీ. చమురు తేలుతూ ఉండింది. అప్పట్లో అక్కడ తాగే బావుల్లో బెంజీన్ (చమురులో ఉండే, క్యాన్సర్ తెచ్చే రసాయనం) ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితికి 900 రెట్లు పైనే ఉండింది.

కాబట్టి ముందు వేరే తాగునీరు ఇవ్వాలి. తర్వాత లీకులు, కాచే బట్టీలు ఆపాలి. ఆపై నీటిమీది చమురు తోడి, మట్టి తవ్వి, అడుగున షీటు పరిచిన గుంటల్లో శుద్ధి చేయాలి. మడ మొక్కలు చివర్న. ముందే నాటితే పోటుతో వచ్చే చమురు శ్వాసవేళ్ల రంధ్రాలు మూసేస్తుంది, మొక్క ఊపిరాడక చస్తుంది. మొత్తం 25–30 ఏళ్ల పనని ఆ నివేదికే చెప్పింది.

మడఅడవి:
మరి చమురుతో పాటు వచ్చే గ్యాస్‌ని బావుల దగ్గరే తగలబెట్టే మంటలు? అవి నిషేధం కదా?

పైపులైను:
1984 నుంచి అనుమతి లేకుండా మండించకూడదు. అయితే 2021లో కొత్త చట్టం వచ్చేదాకా మంత్రి అనుమతిస్తే రుసుం కట్టి మండించుకునే వీలుండేది. బోనీలో 1999లో ఎల్ఎన్‌జీ (చల్లబరిచి ద్రవంగా మార్చిన సహజవాయువు) ఎగుమతి మొదలయ్యాక కొంత గ్యాస్ అటు మళ్లింది. చెదురుమదురు బావులకి మాత్రం కంప్రెసర్లు పెట్టి పైపులు వేయడం కంటే ఆ రుసుమే చవకగా ఉండేది.