పైన రెండో రౌటర్ పెట్టాక ప్రింటర్ దొరకడం లేదు

ప్రశ్న:
మాది రాజమండ్రిలో పాత డాబా ఇల్లు. ఫైబర్ బాక్సు కింద హాల్లో ఉంది. పైన మా అమ్మాయి గదిలో వైఫై ఒక్క గీతే వస్తుంది. క్లాసు మధ్యలో ఆగిపోయిన ప్రతిసారీ మెట్ల మీదికి వచ్చి కూర్చుంటుంది. చూడలేక, మేడ మెట్ల పక్కనుంచి కేబుల్ లాగించి, పాత రౌటర్ పైన పెట్టాను. నెట్ బాగానే వస్తోంది. కానీ కింద ఉన్న ప్రింటర్ తన ల్యాప్‌టాప్‌లో కనిపించడం లేదు. రేపు రికార్డు ప్రింట్ తీయాలి, అదే టెన్షన్.

జవాబు 1:
కేబుల్ పాత రౌటర్లో ఏ పోర్టుకి పెట్టారండీ? రంగు వేరుగా ఉన్న, బయటి నెట్ తీసుకునే వాన్ పోర్టుకా?

ప్రశ్న అడిగినవారు:
అవునండీ, నీలం రంగుదానికి. పైన ల్యాప్‌టాప్‌కి నెట్‌వర్క్ అడ్రస్ 192.168.0.101 వచ్చింది, కింద ప్రింటర్‌ది 192.168.1.5.

జవాబు 2:
చిక్కు అక్కడే ఉంది. వాన్‌కి పెడితే పైన వేరే నెట్‌వర్క్ తయారవుతుంది. నెట్ రావడానికి అది అడ్డు కాదు, ప్రింటర్‌ని వెతికే పిలుపు మాత్రం రౌటర్ దాటి కిందికి వెళ్లదు. ముందు కింది నుంచి వచ్చే కేబుల్ తీసేయండి. ల్యాప్‌టాప్‌ని పాత రౌటర్ లాన్ పోర్టుకి (ఇంట్లోని పరికరాలు కలిపేది) కలిపి, రౌటర్ సెట్టింగ్స్‌లో ఆ రౌటర్ ఐపీని, అంటే దాని అడ్రస్‌ని, 192.168.1.250గా మార్చండి. కింది బాక్సు పంచే అడ్రసుల్లో 250 లేదని మాత్రం చూసుకోండి. రౌటర్ మళ్లీ ఆన్ అయ్యాక కొత్త అడ్రస్‌తో లోపలికెళ్లి డీహెచ్‌సీపీ, అంటే పరికరాలకి అడ్రసులు పంచేది, ఆపేయండి. ఆ పని ఒక్క కింది బాక్సుకే ఉండాలి. చివరగా కేబుల్‌ని లాన్ పోర్టుకే పెట్టండి, నీలం దాన్ని ఖాళీగా వదిలేయండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండుచోట్లా ఒకటే పెడితే మేడెక్కినా దిగినా ఫోన్ దానంతటదే మారుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ! మొదటి పేజీ బయటికి రాగానే అమ్మాయి కిందనుంచి "నాన్నా, వచ్చింది!" అని కేకేసింది. ఇంకొక్క మాట. ప్లాన్ 200 ఎంబీపీఎస్, పైన కేబుల్ పెట్టి చూసినా 94 దాటడం లేదు.

జవాబు 1:
పాత రౌటర్ పోర్టులు 100వే అయ్యుంటాయి. లేదంటే కేబుల్ క్లిప్పులో నాలుగు తీగలే బిగించి ఉంటారు. 1000 రావాలంటే ఎనిమిదీ కావాలి.

ప్రశ్న అడిగినవారు:
టార్చి వేసి చూశాను, రెండు చివర్లా ఎనిమిది తీగలూ ఉన్నాయి. రౌటర్ పెట్టె మీద 10/100 అని ఉంది, అంటే పోర్టులు 100వే. తన క్లాసులకి 94 ధారాళంగా చాలు, ఇప్పుడు కొత్తది కొనను.