పోయిన జకరండా చోట మళ్లీ జకరండానేనా?

ఊదాపువ్వు (ప్రిటోరియా):
ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి ఆరేళ్లయింది. అక్టోబరు వస్తే చాలు, నగరం ఊదారంగు కప్పుకుంటుంది. 70 వేల జకరండా చెట్లు ఉన్నాయని చెబుతారు. 1888లో సన్నీసైడ్‌లోని ఒక తోటలో నాటిన రెండు మొక్కలతో మొదలైన సంగతి ఇది. పుట్టిల్లు దక్షిణ అమెరికా. 2001లో దక్షిణాఫ్రికా నిబంధనలు దీన్ని దురాక్రమణ మొక్కల్లో, అంటే స్థానిక మొక్కల చోటు ఆక్రమించే పరాయి మొక్కల్లో చేర్చి, అప్పట్లో కొత్తగా నాటడానికి పగ్గం వేశాయి. ఉన్నవాటిని నరకమనలేదు. మా వీధిలో పోయిన నెల ఒకటి ఎండి పడిపోయింది. ఆ గుంతలో ఏం నాటాలి? నా ఓటు జకరండాకే. తల మీద ఈ పువ్వు రాలితే పరీక్ష గట్టెక్కినట్టేనని ఇక్కడి విద్యార్థుల నమ్మకం. అలాంటి చెట్టు ఇంకా పరాయిదేనా?

నీటిబొట్టు (జొహానెస్‌బర్గ్):
విద్యార్థుల తలల మీద రాలేది పువ్వు. వాగుల్లో రాలేది గింజ. కాయ బిళ్లలా ఉంటుంది, పగిలితే రెక్కల గింజలు ఎగిరిపోతాయి. దక్షిణాఫ్రికాలో నీరు తక్కువ. 1995 నుంచి ప్రభుత్వం ప్రత్యేక పథకం పెట్టి మరీ నీరు తాగే పరాయి చెట్లను కొట్టిస్తోంది. లాంటానా పొదను కూడా మొదట అందం కోసమే తెచ్చారు కదా! ఇప్పుడు దాన్ని పీకలేక చేతులెత్తేస్తున్నారు. మీకు ఊదా పూలే కావాలంటే ఈ నేలదే ఒకటుంది, ట్రీ విస్టేరియా అంటారు. నర్సరీలో అడిగి చూడండి.

డర్బన్ కోడలు:
మా అత్తగారివైపు వారు చెరకు తోటల కూలీలుగా వచ్చినవారి సంతతి. పెరట్లో కరివేపాకు, తులసి, బంతి, గేటు పక్కన తురకవేప. దాన్ని ఇక్కడ సిరింగా అంటారు. అది కూడా దురాక్రమణ జాబితాలోదే. కానీ ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే మా అత్తగారు పరిచేది ఆ ఆకునే. ఆవిడ చిన్నతనంలో వేప దొరికేది కాదట, పోలిక చూసి దీన్ని పట్టుకున్నారు. జాబితా రాసిన అధికారి దీన్ని నీడనిచ్చే అందాల చెట్టుగా లెక్కపెట్టి ఉంటాడు. మాకది పూజ సామగ్రి. నీటిబొట్టు గారు, దీనికి బదులు ఏ స్థానిక ఆకు తెమ్మంటారు?

మందులషాపు:
కోడలు గారు, ఆ చెట్టు పండ్లు విషం. పిల్లలుంటే జాగ్రత్త. సందర్భం వచ్చింది కాబట్టి ఇంకొకటి. మడగాస్కర్ నుంచి ప్రపంచమంతా పాకిన బిళ్లగన్నేరును మధుమేహానికి కషాయం కాచుకుని తాగేవారు ఆఫ్రికాలోనూ ఉన్నారు, మన ఊళ్లలోనూ ఉన్నారు. క్యాన్సర్ మందులు తీసేది ఈ మొక్క నుంచే. అంత ఘాటైన మొక్కను గ్లాసుల లెక్కన తాగకండి.

కిలిమంజారో నీడ (మోషీ, టాంజానియా):
ఇక్కడ చగ్గా ప్రజల ఇళ్ల చుట్టూ మసాలే అనే మొక్క ఉంటుంది. పేరు చూసి నోరూరించుకోకండి, అది మన నర్సరీల్లో డ్రసీనా పేరుతో కుండీల్లో అమ్మేదే. ఇక్కడది హద్దు గుర్తు, సమాధుల దగ్గర కూడా నాటుతారు. తగువు పడ్డవాడు ఆ ఆకు తీసుకుని ఎదుటివారి ఇంటికి వెళితే క్షమించమని అడిగినట్టు. మన హాల్లో సోఫా పక్కన దుమ్ము పట్టేదానికి ఇంత మర్యాద! అలాగని నేను స్థానిక మొక్కల పక్షం అనుకోవద్దు. మన వేప ఇక్కడ పరాయిదే. స్వాహిలీలో దాని పేరు మ్వారొబైని. అరొబైని అంటే నలభై, నలభై రోగాలకు మందని భావం. పేరు పెట్టుకున్న చెట్టును పొమ్మనేది ఎవరు?

నీటిబొట్టు:
పేరు పెట్టుకున్నంత మాత్రాన గింజ ఆగదండీ. కోడలు గారికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. పెరట్లో ఒక్క చెట్టు ఉంచుకుని, కాయలు పండకముందే కోసేస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ ఊదాపువ్వు గారి వీధిలో ఎవరూ జకరండా ఆకుతో పూజ చేయడం లేదు, కషాయం కాచడం లేదు. ఫోటోలు తీసుకుంటున్నారు, అంతే.

ఊదాపువ్వు:
ఫోటో తీసుకోవడం ఉపయోగం కాదా? సరే, మీరు చెప్పిన ట్రీ విస్టేరియాను నిన్న వెళ్లి చూశాను. గుత్తులు బాగున్నాయి, కానీ చెట్టు చిన్నది. మా వీధి మీద జకరండాలు రెండువైపులా కలిసి పందిరి వేస్తాయి, ఇది వేయలేదు. మధ్యేమార్గంగా వీధి దిగువన అది, ఎగువన జకరండా నాటితే?

నీటిబొట్టు:
మీ వీధిలో వాననీటి కాలువ ఎటు పారుతుంది?

ఊదాపువ్వు:
ఎగువ నుంచి దిగువకు, అక్కడి నుంచి నేరుగా వాగులోకి. ఈ మాట మీకు చెప్పకుండా ఉండాల్సింది.