డిగ్రీ తెలుగు రచన కోర్సు: సిలబస్‌లో ఎన్ని ప్రక్రియలు పెట్టాలి?

ప్రశ్న:

నమస్కారం. ఒంగోలు దగ్గర ఒక అటానమస్ డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. వచ్చే నెల సిలబస్‌ని ఆమోదించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ మీటింగు. రచన కోర్సు సిలబస్ నేనే తయారుచేయాలి. 15 వారాలు, వారానికి 4 గంటలు, క్లాసులో 60 మంది. పాత సిలబస్‌లో ఐదు యూనిట్లున్నాయి: కవిత, కథ, వ్యాసం, అనువాదం, పత్రికా రచన. పిల్లలు నిర్వచనాలు, లక్షణాలు బట్టీపట్టి పరీక్షలో దించేస్తారు. సొంతంగా ఒక్క పేజీ రాయరు.

పోయినేడాది "మీ ఇంట్లోవాళ్ళు చేసే పని గురించి రాయండి" అన్నాను. ఒక అబ్బాయి "మా తండ్రిగారు వ్యవసాయము చేయుచున్నారు. వ్యవసాయము దేశానికి వెన్నెముక" అని రాశాడు. పక్కన కూర్చోబెట్టుకుని ఏం పండిస్తారురా అని అడిగాను. "పొగాకు సార్. బ్యారన్ (పచ్చాకుని వేడితో ఆరబెట్టే కొట్టం) కాల్చేటప్పుడు నాన్న రాత్రుళ్ళు అక్కడే మంచం వేసుకుంటాడు. మాటిమాటికీ లేచి థర్మామీటరు చూస్తాడు. వేడి తేడా వస్తే ఆకు రంగు మారిపోద్ది" అన్నాడు. ఇదే రాయరా అంటే, "ఇట్టా రాస్తే మార్కులేస్తారా సార్?" అన్నాడు. ఆ మాట నన్ను వదలడం లేదు.

అందుకే రెండే ఉంచాలనుకుంటున్నాను: చూసింది రాయడం, అవసరానికి రాయడం. ప్రతిదీ మూడుసార్లు తిరగరాయాలి. బోర్డు ఒప్పుకుంటుందంటారా?

జవాబు 1:

సార్, ఐదు యూనిట్ల లెక్క కదిలించకండి, పేర్లు మార్చండి. చూడటం, అడిగి తెలుసుకోవడం, మొదటి ప్రతి, తిరగరాయడం, సాపు ప్రతి. మా బోర్డులో అలాగే గట్టెక్కింది.

అవసరానికి రాసేదాంట్లో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 2005 చట్టం ప్రకారం తెలుగులోనే ఇవ్వొచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. మా పిల్లలు మొదట "మా ఊరికి రోడ్డు ఎందుకు వేయలేదు?" అని రాశారు. అట్లా అడిగితే కుదరదు, రికార్డు అడగాలి. "మంజూరైన మొత్తం ఎంత, పని ఉత్తర్వు నకలు ఇవ్వండి" అనే వాక్యం దగ్గరికి రావడానికి రెండు క్లాసులు పట్టింది.

జవాబు 2:

కథ తీసేయడం నాకు నచ్చలేదండీ. ఆ అబ్బాయి బ్యారన్ గురించి చెప్పిందాంట్లోనే కథ ఉంది. చివరి మూడు వారాలు దానికివ్వండి.

60 మందికి మూడు ప్రతులంటే 180 కాగితాలు, అన్నీ మీరే దిద్దితే నిలవలేరు. రెండో ప్రతిని ఇద్దరిద్దరు ఒకరిది ఒకరు గట్టిగా చదవాలి. నాలుక తడబడ్డచోట గీత పెట్టాలి. మీరు చివరిది దిద్దితే చాలు.

గిడుగు రామమూర్తిగారు వాడుక భాష కోసం పోరాడి వందేళ్ళు దాటింది. ఏటా ఆగస్టు 29న ఆయన పేరున సభలు పెడుతున్నాం. అయినా "చేయుచున్నారు" అంటేనే మార్కులొస్తాయని పిల్లలు నమ్ముతున్నారంటే తప్పు మన ప్రశ్నపత్రాలదే.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. కథ ఉంచుతున్నాను. ఇంటర్నల్ మార్కులు మొదటి ప్రతికీ చివరి ప్రతికీ మధ్య వచ్చిన మార్పుని బట్టే వేస్తాను.

ఆ అబ్బాయి మొదట రాసిందీ, తర్వాత బ్యారన్ గురించి రాసిందీ, రెండు పేరాలూ పేరు తీసేసి ప్రతిపాదనకు జతచేద్దామని నిన్న వాణ్ణి అడిగాను. సరేనన్నాడు. "ఒక్కరోజు టైమివ్వండి సార్, ఆకు రంగు గురించి సరిగ్గా రాలేదు, మళ్ళీ రాసిస్తా" అని కాగితం వెనక్కి తీసుకెళ్ళాడు.