తమిళ సినిమా: ఇంట్లో ఇద్దరూ కూర్చుంటే ఏ భాషలో పెట్టాల?

నగరి మగ్గం
నగరి, పుత్తూరు, సత్యవేడు, చిత్తూరు... ఈ పక్క ఇళ్లల్లో సగం తగువులు రిమోట్ దగ్గరే. ఆమె పుట్టిల్లు వేలూరో తిరుత్తణో, ఆయనది పీలేరో మదనపల్లో. తనకిష్టమైన తమిళ సినిమా తమిళంలోనే చూడాలని ఆమె, తెలుగు డబ్బింగ్ ఉండగా ఈ తిప్పలెందుకని ఆయన. నా ఓటు ఆమెకే. డబ్బింగ్‌లో ముందు పోయేది యాస. మదురై, కోయంబత్తూరు, ఉత్తర మద్రాసు మనుషులు తెలుగులోకి వచ్చేసరికి అందరూ బెజవాడలో ఒకే కాలేజీలో చదివినట్టు మాట్లాడతారు. ఎవడు ఊరోడో, ఎవడు కొత్తగా దిగినోడో మాటను బట్టే తెలియాల్సిన సీను చప్పబడిపోతుంది. కాదనేవాళ్లు రండి.

బాల్కనీ టికెట్
యాస సంగతి ఒప్పుకుంటా అన్నా. కానీ 'అసలు గొంతు' అనే పట్టుదలకు అర్థం లేదు. చాలా తమిళ సినిమాల్లో షూటింగ్ అప్పుడు రికార్డయిన మాట ఆధారానికే. తెరమీద వినిపించేది తర్వాత స్టూడియోలో చెప్పించింది. హీరోయిన్‌కైతే తమిళంలోనూ చాలాసార్లు వేరేవాళ్ల గొంతే. అంటే ఆమె వింటున్నదీ డబ్బింగే! పైగా డబ్బింగ్‌ను తక్కువ పని అనుకోవద్దు. తెలుగులో తొలి డబ్బింగ్ సినిమా 'ఆహుతి'కి 1950లో రాసింది శ్రీశ్రీ. కమల్‌హాసన్‌కు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం తెలుగు చెబితే, అది అరువు గొంతని ఎవరికైనా అనిపించిందా? షూటింగ్‌లోనే మాట పట్టుకున్న సినిమాలు వేరు. వాటిలో గొంతుతో పాటు గది మోత, నడక, ఊపిరి కలిసి వస్తాయి. వాటికి మాత్రం అసలు భాషే పెట్టుకోండి.

చిత్తూరు బెల్లం
పెదాల సంగతి ఎవరూ ఎత్తలేదే. డబ్బింగ్ రాసేవాళ్లకు అసలు కష్టం ప, బ, మ దగ్గర. ఆ అక్షరాలకు పెదాలు మూసుకోవాల్సిందే, క్లోజప్‌లో దాచలేరు. తమిళం 'పోలాం'కి మన 'పోదాం' అచ్చంగా కూర్చుంటుంది. 'వేండాం' దగ్గరే చిక్కు. ఆ మాట పెదాలు మూసుకుని ముగుస్తుంది, మన 'వద్దు' పెదాలు తెరిచి ముగుస్తుంది. అందుకని 'వద్దంటున్నాం' లాంటిదేదో ఇరికిస్తారు, వినేవాడికి 'ఈయనేంది, ఒక్కడే ఉండి 'మేము' అంటాడు' అనిపిస్తుంది. మనిషి వీపు తిప్పితేనో, కెమెరా దూరం పోతేనో రాసేవాడికి ప్రాణం లేచొస్తుంది. కుదరని డైలాగులన్నీ అక్కడే దోపేస్తాడు. తమిళం తెలిసిన మనిషి 'అక్కడ ఆ మాటే లేదు' అని పక్కనుంచి గొణిగేది అందుకే. ఆమెది వంక పెట్టడం కాదు, నిజంగానే లేదు.

కొర్లగుంట
ముందు ఏది అసలో చూసుకుని కొట్లాడండి. 'గీతాంజలి' మణిరత్నం 1989లో తెలుగులోనే తీశాడు, తమిళానిదే డబ్బింగ్. 'తమిళ డైరెక్టరు కాబట్టి తమిళంలో చూద్దాం' అంటే తిరకాసే. 'బాహుబలి' రెండు భాషల్లోనూ తీసిందే, అక్కడ ఈ వాదన చెల్లదు. ఇక 'మరో చరిత్ర' 1978లో తమిళనాడులో డబ్బింగ్ లేకుండా తెలుగులోనే ఆడింది. అందులో కథే తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి. ఒకరి భాష ఒకరికి రాకపోవడం మీదే సీన్లు నడుస్తాయి. దాన్ని మొత్తం ఒకే భాషలోకి మారిస్తే ఇంకేం మిగులుతుంది?

అన్నిటికన్నా తమాషా 'ఏ మాయ చేసావె'. 2010 ఫిబ్రవరి 26న తెలుగూ తమిళమూ ఒకేరోజు వచ్చాయి. డైరెక్టరు ఒకడే, పాటల బాణీలు అవే, హీరో హీరోయిన్లు వేరు. ముగింపూ వేరే: తెలుగులో జంట కలుస్తుంది, తమిళంలో కలవదు. ఆమె తమిళంలో చూసి, ఆయన తెలుగులో చూసి ఉంటే ఇద్దరూ ఒకే సినిమా గురించి మాట్లాడుకుంటున్నాం అనుకుని తెల్లార్లూ వాదించుకోవచ్చు. దీనికి డబ్బింగ్ గొడవ అక్కర్లేదు, రెండూ వరసగా చూడాల్సిందే.

నగరి మగ్గం
సరే, నా మాట కొంచెం సడలిస్తా. అసలు భాషే, కానీ ఆ భాష తెలియని మనిషి చేతికి రిమోట్ ఇవ్వాల. తెలిసినామె సినిమా నడుస్తుండగానే చెవిలో అర్థం చెబుతుంది, ఆ లోపల తర్వాతి డైలాగు పోతుంది, మళ్లీ 'ఏమన్నాడు?' ఇదే గొలుసు. అర్థంకానప్పుడు ఆయనే ఆపాల, ఆమె ఒక్క వాక్యంలో చెప్పాల, పది సెకన్లు వెనక్కి కొట్టి ఆ ముక్క మళ్లీ చూడాల. జోకు మాత్రం విడమరచొద్దు తల్లీ. వదిలెయ్.

పుత్తూరు కట్టు
ఇద్దరి మాటా నెగ్గే దారి ఉంది. టీవీలో తమిళం, ఆయన ఫోన్లో అదే యాప్‌లో అదే సినిమా, తెలుగు ఆడియో. ఎట్ట చెయ్యాలంటే:

మీ ప్లాన్ ఒకేసారి రెండు తెరలకు ఒప్పుకోవాల. రెండింట్లోనూ టైటిల్ కార్డు దగ్గర ఆపి, ఒకటి రెండు మూడు అని ఒకేసారి నొక్కాల. ముందున్నదాన్ని క్షణం ఆపి వదిలితే సర్దుకుంటుంది. పది సెకన్ల బటన్ జోలికి పోవద్దు, అది ఈ పనికి మరీ పెద్ద గంతు. ఇయర్‌ఫోన్ వైరుదే వాడండి, ఒక చెవికే. బ్లూటూత్ అయితే మాట సుమారు 0.1 నుంచి 0.3 సెకను ఆలస్యంగా వస్తుంది. యాప్ ఫోన్లో బొమ్మను దానికి తగ్గట్టు ఆపుకుంటుంది గానీ ఎదురుగా ఉన్న టీవీకి ఆ సంగతి తెలియదు కదా.

చెడేది ఎక్కడంటే, తమిళం తెలుగు ఒకే వీడియోలో రెండు ఆడియోలుగా ఉంటేనే పొడుగు సమానం. డబ్బింగ్‌ను విడి సినిమాగా పెట్టి ఉంటే మొదట్లో వచ్చే కార్డులు వేరు, కొన్ని చోట్ల కత్తిరింపులూ వేరు. పావుగంటలో తప్పిపోతుంది. ప్రకటనలొచ్చే ప్లాన్ అయితే అసలు మొదలుపెట్టొద్దు.

బాల్కనీ టికెట్
చెవిలో ఒకరికొకటి పెట్టుకుని కూర్చునేదాన్ని కలిసి చూడటం అంటారా కట్టన్నా? ఆమె నవ్విన సెకనుకు ఆయన నవ్వుతాడు. దానికన్నా ఇంటర్వెల్ దాకా తెలుగు, అక్కడినుంచి తమిళం పెట్టండి. మనుషులెవరో, వరసలేందో ఫస్టాఫ్‌లో తెలిసిపోతే సెకండాఫ్‌లో భాష రాకపోయినా కథ చేజారదు. కొన్ని ఆన్‌లైన్ కాపీల్లో ఇంటర్వెల్ కార్డు తీసేస్తారు. మొత్తం నిడివి సగం చేసుకుని ఆ చుట్టుపక్కల చూడండి, పెద్ద మలుపు తగులుతుంది. గొంతులు మారినట్టు మొదటి ఐదు నిమిషాలు ఎబ్బెట్టుగానే ఉంటుంది, దానికి మందు లేదు.

చిత్తూరు బెల్లం
పాటలు మాత్రం మొదటి సగంలోనూ తమిళంలోనే వినండి. బాణీకి పుట్టిన మాట వేరు, బాణీలో ఇరికించిన మాట వేరు. మంచి కవి రాస్తే తప్ప సాగదీతలు బయటపడిపోతాయి.

కాణిపాకం దారి
అక్కా, మా ఆయనకు తమిళం రాదు, ఇంగ్లీషు సబ్‌టైటిల్ చదివేంత వేగమూ లేదు. తెలుగు సబ్‌టైటిల్ ఉన్న సినిమాలోనూ అక్షరాలు చీమల్లా ఉండాయి. పెద్దవి చేసేదెట్ట?

చిత్తూరు బెల్లం
సినిమా నడుస్తున్నప్పుడు వచ్చే మెనూలో ఆడియో, సబ్‌టైటిల్ విడివిడిగా ఉంటాయమ్మా. తమిళ ఆడియో, తెలుగు సబ్‌టైటిల్ పెట్టు. సైజు అక్కడే లేకపోతే అకౌంట్ సెట్టింగుల్లో సబ్‌టైటిల్ రూపం అని ఉంటుంది, కొన్ని యాప్‌లకు బ్రౌజర్లో మారిస్తేనే టీవీకి వస్తుంది. పెద్ద సైజు, పసుపు రంగు, వెనక నల్ల పట్టీ పెట్టుకో. మార్చాక యాప్ మూసి మళ్లీ తెరవాల. ఒత్తులు విడిపోయి కనబడితే అది సైజు గొడవ కాదు, ఆ టీవీలో తెలుగు ఫాంట్ సరిగా లేదు. అప్పుడు ఫోన్లో పెట్టి, ఫోన్ తెరే టీవీలో కనబడేట్టు మిర్రర్ చేసి చూడు, కొన్ని యాప్‌లు దానికి ఒప్పుకోవు.