‘ఒక్కమెయిన్’లో ఆ నకారం ఎవరిది?

పెన్నాతీరం:
మా వాడు రెండు వారాలుగా టెక్కెన్ 8 అనే కొట్లాట వీడియో గేమ్‌లో ఏ పాత్రను పట్టుకోవాలో తేల్చుకోలేక సతమతమవుతున్నాడు. 2024 జనవరిలో ఆట వచ్చినప్పుడే 32 మంది ఉన్నారట, తర్వాత ఇంకొంతమంది చేరారు. రోజుకొకణ్ణి పట్టుకుంటాడు, ఓడతాడు, మారుస్తాడు. నిన్న రాత్రి వాళ్ళ సీనియర్ ఫోన్లో కేకలేస్తున్నాడు, “ముందు ఒక్క మెయిన్ పెట్టుకోరా, మిగతావి తర్వాత” అని. అన్నం కలుపుకుంటున్న నాకు ఆ మాట వినగానే ఏదో పద్యం మెదిలింది. “... ఇచ్చఁ దలంచి యొక్కమెయిన్...” ముందూ లేదు, వెనకా లేదు. తిక్కనదే అనుకుంటున్నా. నిద్ర పట్టలేదు. పద్యం ఎవరికైనా గుర్తుందా? ఇంకో మాట. ఆటలో మనం ఎంచుకుని అంటిపెట్టుకునే పాత్రను వీళ్ళు ‘మెయిన్’ అంటారు. దానికి పద్యంలోని ఈ మాట పనికొస్తుందా?

మూలాపేట మాస్టారు:
అనుకోవడం ఏందయ్యా, నెల్లూళ్ళో పుట్టి! విరాటపర్వం, ఉత్తర గోగ్రహణం. భీష్ముడు దుర్యోధనుడితో అంటున్నాడు.

వచ్చినవాఁడు ఫల్గునుఁ డవశ్యము గెల్తు మనంగరాదు రా
లచ్చికినై పెనంగిన బలంబులు రెండును గెల్వ నేర్చునే
హెచ్చగుఁ గుందగుం దొడరు టెల్ల విధంబుల కోర్చు టట్లు గా
కిచ్చఁ దలంచి యొక్కమెయి నిత్తఱిఁ బొందగు చేఁత యొప్పదే

నీ ‘మెయిన్’ అనే మాట ఇందులో లేదు. ఉన్నది ‘ఒక్కమెయి’. నకారం ద్రుతం, అంటే మాట చివర వచ్చిపోయేది, పైన ‘ఇత్తఱి’లోని ఇకారంతో కలిసి ‘ని’ అయింది.

కందుకూరు కుర్రాడు:
మాస్టారూ, నమస్తే. టెక్కెన్‌లో నేను కింగ్ మెయిన్, అంటే నా పాత్ర కింగ్, ఐదేళ్ళుగా. మొదటి పాదం అదిరింది. వచ్చినవాడు అర్జునుడు, గెలుస్తామని చెప్పలేం రా అని ముసలాయన మనవణ్ణి ‘రా’ అంటున్నాడు చూడండి. మ్యాచప్ (ఎవరికి ఎవరు ఎదురో ఆ జోడీ) చెడ్డదని ఇంత ముద్దుగా ఎవరూ చెప్పలేదు.

మూలాపేట మాస్టారు:
‘రా’ పిలుపు కాదు నాయనా. రెండో పాదంలోకి జారి ‘రాలచ్చి’ అవుతుంది. రాకొమరుడులో ఉన్న రా. రాజ్యలక్ష్మి కోసం పెనగిన రెండు సేనలూ గెలుస్తాయా అని ప్రశ్న. పాదం చివర గురువు కావాలి గనక రా అక్కడ కూర్చుంది, అంతే.

పెన్నాతీరం:
చిన్నప్పుడు నేనూ ‘రాదురా’ అనే చదివాను మాస్టారూ. బళ్ళో అయ్యవారు కూడా అక్కడే ఆగి ఊపిరి పీల్చేవాడు.

గుండ్లకమ్మ:
పాదాంతంలో ఊపిరి పీల్చుకోవచ్చుగానీ అర్థాన్ని అక్కడ కోయకూడదు. సరే, అసలు మాటకొస్తా. ‘మెయి’కి ఒళ్ళు అనే అర్థం ఒకటే కాదు. మైమరపులో, మైపూతలో, మైజోడులో ఒళ్ళే. కానీ ‘ఎమ్మెయి’ అన్నప్పుడు ఏ విధంగా అని. ‘వేడ్కమెయిన్’ అన్నప్పుడు ‘తో’ అనుకుంటే సరిపోతుంది. ఆ పర్వంలోనే “సింగం బాకటితో” పద్యంలో ‘చేడ్పాటుమై నుండి’ అని లేదూ? ఆ మై కూడా ఇదే. అందుకని ఇక్కడ ఒక్కమెయి అంటే ‘ఒకే విధంగా, అందరూ ఒక్కటిగా’ అని నా లెక్క.

మూలాపేట మాస్టారు:
అమ్మా, మూడో పాదం వదిలేశావు. ‘ఎల్ల విధంబుల కోర్చుట’ అని ఒక పక్క పెట్టాడు, ‘అట్లు గాక’ అని తిప్పి ‘ఒక్కమెయి’ అని ఇంకో పక్క పెట్టాడు. ఎల్లకు ఎదురు ఒక్క, విధానికి ఎదురు మెయి. తూచినట్టుంది. గెలుపుకీ ఓటమికీ అన్నిటికీ సిద్ధపడడం ఒక దారి, మనసులో ఆలోచించుకుని ఒక్క దారిన సంధి చేసుకోవడం రెండోది. ‘అందరూ ఒక్కటిగా’ ఎక్కడ్నించి వచ్చింది?

గుండ్లకమ్మ:
సంధి ఒక్కరు చేసుకునేది కాదు గనక. కౌరవుల్లో కర్ణుడు ఒకటంటాడు, ద్రోణుడు ఇంకొకటంటాడు. అందర్నీ ఒక్క మాట మీదికి తెస్తున్నాడు పెద్దాయన. మీరు ‘పొందగు’ను సంధి అంటున్నారు, నేను ‘తగిన’ అంటాను. అట్లా చదివితే పద్యమే వేరు.

కందుకూరు కుర్రాడు:
అక్కా, మాస్టారూ, మీ ఇద్దరి మాటా వింటే నాకు ఇంకో అర్థం వస్తోంది. ‘ఇచ్చఁ దలంచి’ అంటే మనసు పడ్డవాణ్ణి తలచుకుని, ఒక్కమెయిన్, ఒక్కడితో దిగడం. ‘ఎల్ల విధంబుల’ అంటే 32 మందీ. ఇది మా పాఠమే! మొదటి ఆరునెలలు టైర్ లిస్ట్ (పాత్రల బలాబలాల జాబితా) చూసి మారేవాడు ఎక్కడికీ పోడు. చేతికి ఒక మనిషి అలవాటైతేనే వేగం వస్తుంది. ఆట సెకనుకు 60 ఫ్రేములు. చాలామందికి జాబ్ (చిన్న గుద్దు) పడడానికి 10 ఫ్రేములే, అంటే సెకనులో ఆరో వంతు. చూసి ఆలోచించే టైమ్ ఉండదు, వేలే చెయ్యాలి.

పెన్నాతీరం:
ఆ వేలి సంగతి నాకు తెలుసు. మా వాడి ఎడమ బొటనవేలికి ప్లాస్టర్ చుట్టి ఉంది. కంట్రోలర్ ఎడమ పుల్ల మీద రబ్బరు అరిగి లోపలి నలుపు కనిపిస్తోంది. కజుయా అనే పాత్రతో ఏదో ‘ఎలక్ట్రిక్’ దెబ్బ కొట్టాలట. ముందుకు, వదిలి, కిందికి, అక్కడ్నించి ఏటవాలుగా ముందుకు, ఆ ఏటవాలు పడ్డ ఫ్రేములోనే బటన్. పొరపాటున మామూలుది వస్తే మొహం మాడ్చుకుంటాడు. రాత్రి రెండింటికి నొక్కుడు చప్పుడు వింటూ పడుకుంటున్నా.

మూలాపేట మాస్టారు:
మనసు పడ్డవాణ్ణి తలచుకోవడమా! భీష్ముడు పెళ్ళి సంబంధం చూస్తున్నాడా? ఇచ్చ అంటే ఇక్కడ మనసు. మనసులో ఆలోచించి అని. పద్యాన్ని ఆటకు ఈడ్చేటప్పుడు అన్వయం తెగకుండా ఈడ్చండి.

కందుకూరు కుర్రాడు:
కోప్పడకండి. భారతంలో మా ఆట లేదంటారా? గదాయుద్ధానికి ముందు ధర్మరాజు దుర్యోధనుడికి ఏం చెప్పాడు? మా అయిదుగురిలో ఎవర్నైనా ఎంచుకో, గెలిస్తే రాజ్యం నీది అన్నాడు. అది క్యారెక్టర్ సెలెక్ట్ స్క్రీన్. కృష్ణుడు తిట్టిపోశాడు కదా.

గుండ్లకమ్మ:
అది బాగా పట్టావు తమ్ముడూ. అక్కడ ఇంకోటి ఉంది. భీముణ్ణి చంపాలని దుర్యోధనుడు పదమూడేళ్ళు ఇనుప బొమ్మ మీద గద సాధన చేశాడని కృష్ణుడు గుర్తు చేస్తాడు మూలంలో.

కందుకూరు కుర్రాడు:
పదమూడేళ్ళు ల్యాబ్‌లో సాధన! ఒకే మ్యాచప్! చివరికి ఆ మ్యాచప్‌లోనే తొడ మీద దెబ్బ తిన్నాడు. అక్కా, నేను ఏడుస్తున్నా.

ఇసక దిన్నెలు:
మీరంతా పద్యం పట్టుకుని ఊగుతున్నారుగానీ, నాది వేరే గోల. రెండువేల మొదట్లో నెల్లూళ్ళో గంటకు పది రూపాయల పార్లర్లో మేం టెక్కెన్ 3 ఆడాం. కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఎడ్డీ అనే పాత్రనే పట్టుకునేవాడు. కాళ్ళు గాల్లో తిప్పుతూ తన్నుతాడు, ఏ బటన్ నొక్కినా ఏదో ఒకటి తగులుతుంది. ఓనరు బల్ల మీద చాక్‌పీసుతో ‘ఎడ్డీ నిషేధం’ అని రాశాడు. ఎడ్డె అంటే మూఢుడని ఎవరూ చెప్పకుండానే ఆ పేరు సరిపోయింది. ఎడ్డీని పట్టినవాడు ఎడ్డె.

మూలాపేట మాస్టారు:
ఎడ్డెమంటే తెడ్డెమనే రకం.

ఇసక దిన్నెలు:
అదే. ఆ ఎడ్డీ 2024లో టెక్కెన్ 8లోకీ తిరిగొచ్చాడట, డబ్బు కట్టి కొనుక్కోవాలి. అప్పట్లో ‘మెయిన్’ అనే మాట మా నోట రాలేదు. ‘నేను లా, నువ్వు జిన్’ అనేవాళ్ళం. పులిజూదంలో ‘నేను పులి, నువ్వు మేకలు’ అన్నట్టు. మూడు పులులు, పదిహేను మేకలు, ఎవరు ఏ పక్కో ముందే చెప్పేవాళ్ళం. ‘మెయి’కి వైపు అనే అర్థం కూడా ఉంటే ఆ పక్కే మన మెయిన్. ఇంగ్లీషువాడు మన దగ్గర్నుంచి ఎత్తుకుపోయాడని నా అనుమానం.

మూలాపేట మాస్టారు:
ఆ అనుమానం మీ ఇంట్లోనే పెట్టుకో.

కందుకూరు కుర్రాడు:
కానీ మా వాడుకలో ‘మెయిన్’ క్రియ కూడా. ‘కజుయాను మెయిన్ చేస్తున్నా’ అంటాం. ‘మెయి చేస్తున్నా’ అంటే మసాజ్ చేస్తున్నట్టుంది. ప్రధానపాత్ర అంటే సినిమా హీరో. మనోడు అంటే బాగుంది కానీ ఓడినప్పుడు వాణ్ణి మనోడని ఒప్పుకోలేం.

గుండ్లకమ్మ:
‘చేపట్టు’ ఎందుకు కాదు? కింగ్‌ను చేపట్టాను. చేతికి సంబంధించిన మాట, పెళ్ళి వాసన కూడా ఉంది, మాస్టారికి నచ్చుతుంది.

మూలాపేట మాస్టారు:
చేపట్టడం బాగుంది. అయితే మెయి వదిలేసినట్టేనా? నేను అదే చెబుతున్నా మొదట్నుంచీ.

గుండ్లకమ్మ:
మీరు చెప్పింది ద్రుతం గురించి. అదే పాదంలో ‘ఇత్తఱిన్’ తర్వాత ‘పొందగు’ కాస్తా ‘బొందగు’ అయింది, అక్కడ నకారం అరసున్నగా మిగిలింది. ‘మెయిన్’ తర్వాత అచ్చు వచ్చింది గనక నకారం నిలబడింది. అంటే ఆ నకారం వినిపిస్తోంది, ఉంది. ద్రుతం అని దాన్ని తుడిచిపెట్టడానికి వీల్లేదు. పెన్నాతీరం గారి చెవికి పట్టింది తప్పు కాదు.

మూలాపేట మాస్టారు:
వినిపించడం వేరు, మాటలో భాగం కావడం వేరు.

గుండ్లకమ్మ:
ఎర్రనను చదివినవాళ్ళకు ఆ తేడా కొంచెం పలచగా ఉంటుంది లెండి. అరణ్యపర్వశేషం నన్నయ గొంతుతో మొదలుపెట్టి తిక్కన గొంతులోకి ఎప్పుడు దిగాడో తెలియదు. అతుకు కనపడదు. గుడ్లూరు వాడు, మా వాడు.

మూలాపేట మాస్టారు:
గుడ్లూరును 2022లో మా నెల్లూరు జిల్లాలో కలిపారని తెలియదా అమ్మా? తిక్కనా మావాడే, ఎర్రనా మావాడే.

గుండ్లకమ్మ:
మీరు జీవోలతో కవుల్ని తీసుకుపోతే మేం ఎర్రనను ఆదరించిన రాజు రాజధాని అద్దంకి పెట్టుకుంటాం. ప్రోలయ వేమారెడ్డికి హరివంశం ఎక్కడ అంకితమిచ్చాడు?

కందుకూరు కుర్రాడు:
కందుకూరోణ్ణి, ఎవరి వైపు అనాలో నాకే తెలియదు. కానీ ఎర్రన మోకుజిన్ అక్కా! టెక్కెన్ 3లో వచ్చిన కొయ్యబొమ్మ. తనదంటూ ఆట లేదు, ఎవరి ఆట కావాలంటే వాళ్ళది ఆడుతుంది.

గుండ్లకమ్మ:
తమ్ముడూ, ప్రబంధపరమేశ్వరుణ్ణి కొయ్యబొమ్మ అన్నందుకు నృసింహపురాణం పది పద్యాలు చదివి రావాలి. (కానీ నవ్వొచ్చింది.)

ఇసక దిన్నెలు:
బ్లైండ్ పిక్ సంగతి ఎవరూ ఎత్తలేదే. టోర్నమెంట్లలో మొదటి ఆటకు ఎవరు ఎవర్ని తీస్తారో ముందే తెలియకుండా అంపైర్ చెవిలో చెప్పే పద్ధతి ఉంది. తర్వాత గెలిచినవాడు అదే పాత్రతో ఉండాలి, ఓడినవాడు మార్చుకోవచ్చు. బృహన్నల అదే. సారథి వేషంలో వచ్చి జమ్మి దగ్గర బయటపడింది. అందుకే భీష్ముడు ‘వచ్చినవాడు ఫల్గునుడు’ అని పేరు పెట్టి చెప్పాల్సొచ్చింది.

మూలాపేట మాస్టారు:
ఫల్గునుడు అని రాసినందుకు సంతోషం. ఫల్గుణుడు అని రాసేవాళ్ళతో నాకు ముప్పై ఏళ్ళ తగువు.

పెన్నాతీరం:
ఇదంతా మా వాడికి చదివి వినిపించా. “నాన్నా, టెక్కెన్ ఆటగాడు ఆర్స్లాన్ యాష్ లాహోర్‌లో ఆడుకుని 2019లో ఎవో జపాన్, ఎవో టోర్నమెంట్లు రెండూ కొట్టేశాడు, ఆయనకు ఈ పద్యం తెలుసా” అని అడిగి లోపలికి పోయాడు. ఇందాక తలుపు వెనక కాగితం చూశా. కజుయా అని రాసి కొట్టేశాడు, లీలీ అని రాసి కొట్టేశాడు, కింగ్ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. అన్నిటికీ పైన పెద్ద అక్షరాలతో ‘ఒక్కమెయిన్’.

మూలాపేట మాస్టారు:
చివర పొల్లు పెట్టాడా, పెట్టలేదా?

పెన్నాతీరం:
కరెంటు పోయింది మాస్టారూ. వచ్చాక చూసి చెబుతా.