అప్‌డేట్: పిచర్ ప్లాంట్ పిలకలు బతికాయి

వానలకు ముందు ఇక్కడ అడిగాను: మా తిరుపతి ఇంట్లో నెపెంథిస్ (ఆకు కొసన వేలాడే కూజాల్లో పురుగులను పట్టే పిచర్ ప్లాంట్) మొదలు దగ్గర రెండు పిలకలు వచ్చాయి, విడదీసి వేరే కుండీల్లో పెట్టవచ్చా అని. వేర్లు కనబడేదాకా ఆగమన్నారు. ఆగాను. కార్తీక మాసం వానల్లో గాలిలో తేమ బాగా పెరిగాక కుండీ విప్పాను.

వేర్లు నల్లగా, సన్నగా ఉన్నాయి. చూసి కుళ్ళిపోయాయేమోనని భయపడ్డాను. కానీ నెపెంథిస్ వేర్లు సహజంగానే నలుపట, పట్టుకుంటే పుటుక్కున తెగుతాయి. అందుకే లాగకుండా, కుండీని నీళ్ల బకెట్‌లో ముంచి పాత మిశ్రమాన్ని మెల్లగా వదిలించాను. పెద్ద పిలకకు సొంత వేర్లు ఉన్నాయి, కాలుతున్న మంటలో పెట్టి చల్లార్చిన బ్లేడుతో కోశాను. చిన్నదానికి వేర్లు లేవు, తల్లి దగ్గరే వదిలేశాను.

స్ఫాగ్నమ్ మాస్ (తేమ పట్టి ఉంచే నాచు), పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) కలిపి నాటాను. ఎరువు వేయలేదు. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, కాబట్టి పట్టి పెట్టుకున్న వాన నీళ్లే పోస్తున్నాను. పైన పాలిథీన్ కవర్ కప్పి, నీడలో ఉంచాను.

మొదటి రెండు వారాలు చాలా టెన్షన్. ఉన్న రెండు కూజాలూ ఎండిపోయాయి. అయినా మధ్యలో కొత్త ఆకు విప్పుకుంటూ వచ్చింది. నిన్న దాని తీగ కొసన వడ్లగింజంత కూజా మొగ్గ కనబడింది! మా అమ్మను పిలిచి మరీ చూపించాను. కవర్‌ను ఇప్పుడు రోజూ కాస్త కాస్త తెరుస్తున్నాను. ఆగమని చెప్పినవాళ్లకు నిజంగా కృతజ్ఞతలు.